పుట్టిల నవ్విన రోజు

సంగీత పాత నూలు చీర చింపుతున్నది. అంచు కాడ పంటితోని కొరికి, రెండు చేతులతోని లాగితే బట్ట నిలువున సర్రున చీలుతది. చీలిన ముక్కను మడతలు పెట్టి, బ్యాగుల అన్నిటికన్న అడుగున, కొత్త చుడీదార్ల కింద సదురుతున్నది. అరుగు మీద కూసున్న అత్త సత్యవ్వ తలుపుల నుంచి తొంగి చూసింది.

“వారం రోజులకు పోతున్నవా, ఏడాదికి పోతున్నవా? గన్ని పేలికలేందే?”

“నీకు ఎరుకనే కదత్తా.”

“ఎరుకనే. అందుకే అంటున్న. ఇంటికాడ అయితే ఇంట్లనే ఉంటది. పరాయి దేశంల అయితే ఎట్ల?”

అద్దం ముందర నిలబడి తల దువ్వుకుంటున్న భర్త వేణు ఆమె దిక్కు చూడకుంటనే అన్నడు, “నీళ్లు తక్కువ తాగు. మీతోని వచ్చే ఆ దీప టీచర్ ముందల నా నెత్తి దించకు.”

ఆయన ఆ మాట కోపంతోని అనలే. మబ్బు పట్టింది, గొడుగు పట్టుకపో అన్నట్టే అన్నడు. గందుకే ఆమెకు ఇంకింత తల ఒంగిపోయింది. కోపంతోని అన్న మాటకు మనసుల్నైనా ఎదురు మాట పుడుతది. మంచికే చెప్తున్నట్టు అన్న మాటకు ఏమనాలె? “సరే” అన్నది. అని, ఇంకో ముక్క చింపింది.

రెండో కాన్పు నుంచి మొదలైంది అది. బిడ్డ తల పెద్దగ ఉండి కాన్పు కష్టమైంది. అప్పుడు వాళ్లు కథలాపూర్ల ఉండేటోళ్లు. పసుపు తవ్వే దినాలు. కూలోళ్లు దొరుకుత లేరని, బాలింత అన్నది చూడకుంట ఆమెను పసుపు ఉడికించే కొప్పెరల కాడికి పిలిచిండ్రు. ఉడికిన పసుపు గంపలు ఎత్తుకున్నది, కల్లంల పోసింది, మల్ల ఎత్తుకున్నది. ఒకనాడు గంప లేపంగనే లోపల ఏదో జారినట్టయింది. అప్పటి సంది తుమ్మినా, దగ్గినా, బిందె ఎత్తినా, గట్టిగ నవ్వినా కింద బట్ట తడుస్తది. కరీంనగర్ల డాక్టరమ్మ చూసి, చిన్న ఆపరేషన్ చేస్తే అయిపోతది, కాని మూడు నెలలు బరువు ముట్టద్దు అన్నది. తిరిగి వచ్చేటప్పుడు బస్సుల వేణు కిటికీల నుంచి బయటికి చూసుకుంట, “మూడు నెలలు నువ్వు మూలకు కూసుంటే ఇల్లెవలు నడుపుతరు” అన్నడు. ఇంటికొచ్చినంక సత్యవ్వ, “ఆడదాని ఒళ్లు గంతే బిడ్డా. అందరికి ఉంటది, ఎవలన్న చెప్పుకున్నరా?” అన్నది. ఆ ముచ్చట అక్కడికి ఒడిసింది. ఒడవంది ఆమె ఒంట్లనే. కొన్నొద్దులకు వేణు మంచం ముందర గదిలకు గుంజుకున్నడు. వాసనొస్తున్నది అన్నడు. ఆ రోజు సంది ఆమె దినానికి రెండుసార్లు తానం చేసేది. అయినా మనిషి దగ్గరికి వస్తే తనే ఒక అడుగు ఎన్కకు జరిగేది.

కోరుట్లకు వచ్చినంక ఒక ప్రైవేటు బడిల ఫీజులు రాసే పనికి కుదిరింది. ఆడోళ్ల బాత్రూం బడి ఎన్కకు, ఆటస్థలం అవుతల. ఒకనాడు పిల్లల తల్లిదండ్రులు లైన్ల నిలబడి ఉండంగ కరస్పాండెంట్ సారు వచ్చి, “మేడం, పొద్దటి సంది ఎన్నిసార్లు లేస్తరు? కౌంటర్ల మనిషి లేకుంటే బడి ఎట్ల నడుస్తది?” అన్నడు. లైన్ల ఉన్నోళ్లంత ఆమె దిక్కు చూసిండ్రు. మరునాటి సంది ఆమె బడికి నీళ్ల సీసా తీసుకపోవుడు బంద్ చేసింది. అన్నిటికన్న లోతుగ దిగింది మాత్రం ఇంకోటి. ఆడబిడ్డ మొగడు దసరకు వస్తే మటన్ వండింది. వడ్డిస్తున్నప్పుడు ఇంట్ల నల్లా సంగతి వచ్చింది. “మా ఇంట్ల నల్లాకు వాషర్ పోయింది బావా, ఎంత తిప్పినా బంద్ కాదు” అన్నడు వేణు, ఆమె దిక్కు చూసి. బావకు ముందే చెప్పి ఉన్నట్టున్నడు. ఇద్దరు నవ్విండ్రు. సత్యవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. సంగీత గిన్నె పట్టుకొని, ఇంకో గరిటె వెయ్యాల్నా అని అడిగింది. ఎందుకడిగిందో ఇప్పటికి ఆమెకు తెల్వదు.

అటువంటి మనిషి దేశం దాటుతదని ఎవలనుకున్నరు. కోరుట్ల ఆడపిల్లల బడిల పదో తరగతి చదివిన నలుగురు కలిసి చిట్టీ కట్టుకున్నరు, ఎటన్న పోవాలని. దీప జగిత్యాలల సర్కారు బడి టీచర్. జేబా సిరిసిల్లల ఆడోళ్ల బట్టల దుకాణం నడుపుతది. సమ్మక్క కొడిమ్యాలల నర్సు, ఊరూరు తిరిగి సూదులేస్తది. నాలుగో మనిషి సంగీత. పాత విద్యార్థులంత సంసారాలతోని కలిసిన రోజు దీప అందరి ముందల, “అన్నా, సంగీతను మాతోని వియత్నాం పంపుతవా లేదా” అని వేణును అడిగింది. అంతమందిల కాదని అనలేక వేణు నవ్వుకుంట తలూపిండు.

వియత్నాంల దనాంగ్ అనే సముద్రపు పట్నంల దిగిండ్రు. ఎటు చూసినా స్కూటర్లే. ఒక్కో స్కూటరు మీద సంసారానికి సంసారమే కూసొని పోతుంటది, కోళ్ల గంపలు పోతయి, అద్దాల బీరువ పోతది. తొవ్వ దాటాలంటే ఆగద్దట, పరుగు పెట్టద్దట, నిమ్మలంగ నడుచుకుంట పోతే స్కూటర్లే పక్కకు జరుగుతయట. సమ్మక్క పోచమ్మను తలుచుకుంట దాటింది. ఫుట్‌పాత్ మీద చిన్నపిల్లల పీటలంత ప్లాస్టిక్ కుర్చీలు, వాటి మీద పెద్ద పెద్ద మనుషులు కూసొని పొగలు కక్కే గిన్నెలల్ల సేమ్యాల లెక్కటివి జుర్రుతున్నరు. ఆడోళ్లు దుకాణాలల్ల గట్టిగ మాట్లాడుకుంట, గట్టిగ నవ్వుకుంట బేరాలు చేస్తున్నరు. జేబా హలాల్ ఎక్కడ దొరుకుతదో అడుగుకుంట, దొరకనప్పుడు చేపలు తినుకుంట, సిరిసిల్ల బట్టకు ఇక్కడి బట్టకు తేడా వేళ్లతోని చూసుకుంట తిరిగింది.

సంగీత మాత్రం ఆ దేశాన్ని బాత్రూంల లెక్కన చూసింది. యాడికి పోయినా ముందు అదెక్కడున్నదో కన్నుతోని పట్టుకునేది. లేదనిపిస్తే అక్కడికి రాను అనేది. పాలరాతి గుట్టలెక్కుదామంటే మోకాళ్లు నొస్తున్నయని కింద బ్యాగులు కాసింది. కొబ్బరినీళ్లు ఇస్తే ఒక గుటక తాగి జేబాకు ఇచ్చింది. ఉక్కపోతకు పెదవులు పగిలినయి. ఎక్కడ కూసోవాల్సి వచ్చినా కుర్చీ అంచు మీదనే కూసునేది.

“ఇంత దూరమచ్చి గిట్ల ముడుచుకుంటవేందే?” అన్నది దీప మూడో నాడు పొద్దున టిఫిన్ కాడ. “మొగడు యాదికొస్తున్నడా? మేమే నిన్ను బలవంతంగ గుంజుకచ్చినట్టున్నది.”

“లేదే, నాకు బాగనే ఉన్నది.”

“బాగుంటే మొఖం గట్ల ఉంటదా? నీ వల్ల మాకు గూడ సప్పగైతున్నది.”

ఆ మాట నిజమని సంగీతకు తెలుసు. నలుగురి సంబురంల తను ఒక రాయి లెక్క పడి ఉన్నది. సారీ అన్నది. ఆ పొద్దు ఎక్కడికి తీసుకపోతే అక్కడికి వస్త, వద్దనను అని మనసుల అనుకున్నది. ఒక బట్టకు రెండు బట్టలు పెట్టుకున్నది.

ఆ రోజు హోయన్ అనే ఊరి పక్కకు పోయిండ్రు. అక్కడ నీళ్లల్లనే పెరిగే ఈత చెట్ల లెక్కటి అడవి. దాంట్ల తిరిగే పడవలు గుండ్రంగ, వెదురుతోని అల్లినవి. మన దిక్కు చేపలోళ్లు వాగుల ఏసే పుట్టిల తీరుగనే ఉన్నయి. ఒక్కో పుట్టికి ఒక్కో ఆడామె, నెత్తి మీద మొన తేలిన ఆకుల టోపీ, అంగీకి నంబరు బిళ్ల. దీప, సమ్మక్క ఒక పుట్టిల ఎక్కిండ్రు. సంగీత, జేబా ఇంకో దాంట్ల. వీళ్ల పుట్టి నడిపే ఆమెకు అరవై దాటి ఉంటయి. బక్కగ ఉన్నది. చేతులు మాత్రం తాడు పేనినట్టున్నయి. అందరికి నారింజ రంగు లైఫ్‌జాకెట్లు తొడిగింది. సంగీత జాకెట్ బెల్టు తనే వచ్చి బిగించి, బుగ్గ మీద చిన్నగ తట్టింది.

అడవి నడుమకు పోయినంక ఎవలో స్పీకర్ల పాట పెట్టిండ్రు. పక్కన ఇంకో పుట్టిల ఉన్న వీళ్ల గైడు, పడుచు పిల్లగాడు, “రెడీ?” అని అరిచిండు. ముసలామె తెడ్డును పక్కకు వేసి కొట్టంగనే పుట్టి గిర్రున తిరిగింది. బొంగరం తిరిగినట్టు తిరిగింది. ఆకాశం, చెట్లు, జేబా మొఖం, అన్నీ కలిసిపోయినయి. జేబా, “యా అల్లా, ఆపమను, ఆపమను” అనుకుంటనే నవ్వుతున్నది. పక్క పుట్టిలకెళ్లి సమ్మక్క గొంతు వినపడ్డది, “పోచమ్మ తల్లీ, మేకపోతును ఇస్త, నన్ను దింపియ్యమను.” ముసలామెకు ఆ మాట తెల్వకపోయినా ఆ గొంతుకు నవ్వొచ్చి ఇంకింత జోరుగ తిప్పింది.

సంగీతకు నవ్వొచ్చింది. నవ్వు వస్తే ముందు కాళ్లు దగ్గరికి గుంజుకొని, పెదవులు బిగబట్టుడు ఆమెకు ఏండ్ల అలవాటు. ఈసారి పుట్టి తిరుగుతుంటే కాళ్లు నిలుస్తలేవు. చేతులతోని అంచు పట్టుకోవాల్నా, నోరు మూసుకోవాల్నా తెలుస్తలేదు. నవ్వు కడుపుల నుంచి వచ్చింది. నోరంత తెరిచి, కండ్లల్ల నీళ్లు కారంగ, పదో తరగతిల నవ్వినట్టు నవ్వింది. దీప అవుతల నుంచి వీడియో తీసుకుంట, “అగో, మా సంగీత నవ్వుతున్నది” అని కేకేసింది.

అప్పుడు తెగింది. ఎప్పటి లెక్క చుక్క కాదు. ఆగలే. రెండు బట్టలు దాటి, లేత గులాబీ చుడీదారు దాటి, పుట్టి అడుగున వెచ్చగ పారింది. పుట్టి మెల్లగ ఆగుతున్నది. ఆగినంక జేబా ఇటు తిరుగుతది, ముసలామె చూస్తది, దీప ఫోన్ల అంతా పడుతది. సంగీత ఏమి ఆలోచించలే. అంచు మీదికెల్లి నీళ్లల్లకు దుంకింది.

నీళ్లు ఛాతి లోతే. జాకెట్ పైకి తేల్చింది గూడ. కాని కాలు బురదల దిగబడి, చెట్టు వేరుకు తట్టుకొని ఆమె ఒక్కసారి మునిగింది. వెంటనే ముసలామె టోపీతోనే నీళ్లల్లకు దిగింది. చంకల కింద చెయ్యేసి ఎత్తి, తన భుజం మీద ఆనించుకొని, ఒడ్డు దాంక నడిపించుకుంట తెచ్చింది. జేబా ఏడుస్తున్నది. ఒడ్డు మీద అందరు ఉరికొచ్చిండ్రు. ఎవలో తువ్వాల కప్పిండ్రు. “ఏమైందే, జారినవా?” అని దీప అడిగింది.

సంగీత తలూపింది. మొత్తం తడిసి ఉన్నది కాబట్టి ఏ తడి ఏదో ఎవలికి ఎరుకగాదు. ఆమెకు పానం నిమ్మలమైంది. అంత భయంల గూడ, గెలిచినట్టనిపించింది.

రేకుల షెడ్డు కింద అన్నానికి కూసున్నరు. దీపకు కోపం దిగుతలేదు. “గంత జోరుగ తిప్పుడేంది? మునిగి ఉంటే? కంప్లైంట్ చేద్దాం.” గైడు అప్పటికే పడవల మేస్త్రీతోని మాట్లాడి వచ్చిండు. ఇంగ్లీషుల దీపకు చెప్పిండు, దీప వీళ్లకు చెప్పింది. మనిషి నీళ్లల్ల పడితే తప్పు పడవ నడిపినామెదేనట. నంబరు తీసేస్తరట. సీజన్ అయిపోయేదాంక మల్ల పుట్టి ఇయ్యరట.

షెడ్డు అవుతల మేస్త్రీ ముసలామె ముందల నిలబడి మాట్లాడుతున్నడు. ఒర్లుతలేడు. మామూలుగ, నెమ్మదిగ, పక్కోళ్లంత వినేటట్టు మాట్లాడుతున్నడు. ఆ భాషల ఒక్క ముక్క సంగీతకు తెల్వదు. కాని ఆ గొంతు తెలుసు. ఫీజు కౌంటర్ కాడ విన్నది. కరీంనగర్ బస్సుల విన్నది. ముసలామె అంగీకున్న బిళ్ల పిన్ను తీస్తున్నది. తడిసిన వేళ్లకు పిన్ను వస్తలేదు. నెత్తి నుంచి నీళ్లు కారుతున్నయి. ఆమెకు ఎవలూ తువ్వాల ఇయ్యలేదు.

సంగీత పళ్లెంల అన్నం కలుపుకుంట కూసున్నది. నోట్లకు పోతలేదు. చెప్పకుంటే ఎవలికి తెల్వదు. రేపు ఇంకో ఊరికి పోతరు, ఆమె మొఖం మల్ల చూసేది లేదు. ఇన్నేండ్లు దాచిన ముచ్చట ఇక్కడ, గుర్తు తెల్వని మొగోళ్ల ముందల ఎందుకు చెప్పాలె? ఆమెను ఆమె బాగనే సముదాయించుకున్నది. కాని సిగ్గు ఇప్పటిదాంక ఆమెకు ఒంట్ల ఒక్క చోటనే ఉండేది. ఇప్పుడు అది గొంతుల్నించి, చేతులల్లనుంచి, కలిపిన ముద్ద నుంచి వస్తున్నది. బట్ట మార్చుకుంటే పోయే సిగ్గు కాదది. తానం చేస్తే పోయేది కాదు.

లేచింది. “దీపా, జర రా. ఆ సారుకు ఇంగ్లీషుల ఒక మాట చెప్పాలె.”

“ఏం మాట?”

“నేను జారలేదు. నవ్వితే ఉచ్చ పడ్డది. ఎవలకు కనపడద్దని నేనే దుంకిన. ఆమె తప్పు లేదని చెప్పు.”

దీప పళ్లెం పక్కకు జరిపింది. “ఏందే నువ్వు చెప్పేది?”

“రెండో కాన్పు సంది ఉన్నది నాకు. తరువాత మాట్లాడుదాం. ముందు ఆయనకు చెప్పు.”

“గట్ల చెప్పుడెట్లనే? తల తిరిగి పడ్డది అని చెప్త.”

“వద్దు. తిప్పినందుకే తల తిరిగింది అంటరు. అసలుదే చెప్పు.”

దీప గైడు దగ్గరికి పోయింది గాని పిల్లలకు ఇంగ్లీషు పాఠం చెప్పే మనిషికి ఆ ఒక్క మాట నోటికి వస్తలేదు. “షి హాజ్... ఎ ప్రాబ్లమ్...” అని ఆగింది. గైడు అర్థంగాక చూస్తున్నడు. అప్పుడు సంగీతనే ముందుకు వచ్చింది. ఆమెకొచ్చిన ఇంగ్లీషు ఫీజు రసీదుల ఇంగ్లీషే. “సార్. ఐ లాఫ్. యూరిన్ కమ్. ఐ షేమ్. ఐ జంప్. షి గుడ్. నో మిస్టేక్.” అని, తన చుడీదారును, నీళ్లను, ముసలామెను వేలుతోని చూపింది. కండ్లు దించుకుందామనిపించింది. దించుకోలే.

గైడు మొఖం ఎర్రగైంది. మేస్త్రీ దిక్కు తిరిగి వాళ్ల భాషల చెప్పిండు. చుట్టు పుట్టిల వాళ్లంత వింటున్నరు. తరువాత ముసలామె ఏదో అన్నది. ఆడోళ్లంత నవ్విండ్రు. సంగీత చెవులు కాలినయి. ఎరుకైన నవ్వే అనుకున్నది. మటన్ గిన్నె పట్టుకొని నిలబడ్డప్పటి నవ్వు.

గైడు తలగీరుకుంట దీపకు చెప్పిండు. దీప వింటూ వింటూ మెల్లగ నవ్వి, సంగీత చెయ్యి పట్టుకున్నది. “ఈ పుట్టి నీళ్లు కారకుంట అడుగుకు ఆవుపేడ అలుకుతరట. ‘పేడ పూసిన దాంట్ల నీ చుక్క ఎంత బిడ్డా, ముందే చెప్తే ఒక్క చెంబు నీళ్లు పోసి కడిగేదాన్ని కదా’ అంటున్నది.”

మేస్త్రీ ఏమనలే. బిళ్లను బల్ల మీద పెట్టి పోయిండు. ముసలామె దాన్ని తీసుకున్నది. పిన్ను మల్ల పెట్టుకోరాకపోతే సంగీత దగ్గరికి పోయి పెట్టింది. తన మీది తువ్వాల తీసి ఆమె భుజాల మీద కప్పింది. ఇంతసేపు కప్పనందుకు సిగ్గనిపించింది.

హోయన్ ఊర్లకు పోయే బస్సుల నలుగురు ఎన్క సీట్లల్ల కూసున్నరు. సమ్మక్కనే ముచ్చట మొదలు పెట్టింది. “ఊరూరు తిరిగి ఆడోళ్లను బీపీ అడుగుత, షుగర్ అడుగుత. గిది ఎన్నడు అడగలే. పక్కన కూసున్న నిన్ను గూడ అడగలే. ఏం నర్సునే నేను?” దీప కిటికీ దిక్కు తిరిగి ముక్కు తుడుచుకున్నది. పొద్దున అన్న మాట గురించి ఏమో అనబోయి అనలేకపోయింది.

జేబా చాన చిన్నగ, తన ఒళ్లె ఉన్న చేతులు చూసుకుంట అన్నది. “నాకు గూడ ఉన్నది. ఇంత కాదు. నమాజుల నొసలు నేలకు ఆనించి సజ్దకు వంగినప్పుడు తెలుస్తది. మల్ల లేచి వజూ చేసి మొదటి సంది చదువుత. మా ఆయన, ఎన్నిసార్లు కాళ్లు చేతులు కడుగుతవు, పిచ్చి పట్టిందా అంటడు. నేను నవ్వి ఊకుంట.”

సంగీత ఆమె దిక్కు చూసింది. బడిల ఒకటే బెంచి మీద కూసున్న మనిషి. ఇన్నేండ్ల సంది పండుగలకు సేమ్యా పంపుతది. ఇద్దరు పక్క పక్కనే ఒకటే ముచ్చట దాచుకొని ఉన్నరు. ఎవలి నుంచి దాచుకున్నరు? ఒకళ్ల నుంచి ఒకళ్లా? ఆమెకు ఏడుపు రాలే. ఆకలైంది.

పొద్దుగూకినంక హోయన్ ఊర్ల కందీళ్లు వెలిగించిండ్రు. వాగు పొంటి జనం, రంగు రంగుల పడవలు, పాటలు, కాల్చిన మక్కజొన్న వాసన. నలుగురు ఒక చిన్న పీటల హోటల్ల కూసున్నరు. అప్పుడు వేణు ఫోన్ చేసిండు. నీళ్లల్ల పడ్డ వీడియోను దీప అసలు సంగతి ఎరుక లేనప్పుడే పదో తరగతి గ్రూపుల పెట్టింది. అది ఎవలి నుంచో ఆయన దాంక పోయింది.

“నీళ్లల్ల పడ్డవట. జారినవా?”

జారిన అంటే అయిపోయేది. ఆ మాట నాలుక మీదనే ఉన్నది గూడ.

“జారలే. నవ్వితే ఉచ్చ పడ్డది. కనపడద్దని దుంకిన.”

అటు దిక్కు టీవీ చప్పుడు బంద్ అయింది. “మెల్లగ మాట్లాడు. పక్కన ఎవలున్నరు?”

“అందరున్నరు. వాళ్లకు నేనే చెప్పిన. పడవ నడిపే ఆమెను పనిల నుంచి తీసేస్తుంటే అక్కడోళ్లకు గూడ చెప్పిన.”

“ఎవలో దేశంగాని దేశంల ఒకామె కోసం, మొగోళ్ల ముందల గది చెప్పినవా? రేపు జగిత్యాల, కోరుట్ల అంతా తెలువదా? నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?”

ఆమె ఇంటున్నది. ఈ గొంతుకు భయపడే ఇన్నేండ్లు గుటకలు గుటకలుగ నీళ్లు తాగింది. ఆయన మొఖం గురించి ఆయనకున్న బాధ నిజమైందే, అదీ ఆమెకు అర్థమైతున్నది. అయితే తను గంపలు ఎత్తినప్పుడు ఆ మొఖం ఎటు పోయింది? బావ ముందల నల్లా ముచ్చట చెప్పి నవ్వినప్పుడు అది ఎక్కడ పెట్టుకున్నడు? ఈ ప్రశ్నలు కొత్తవి కాదు. వాటిని తన దిక్కు కాకుంట ఆయన దిక్కు తిప్పుడే కొత్త.

“వచ్చినంక కరీంనగర్ డాక్టరమ్మ కాడికి పోతున్న,” అన్నది. “సమ్మక్క తోడు వస్తది. ఆపరేషన్ అంటే చేయించుకుంట. మూడు నెలలు బరువు ఎత్తను. బిందెలు, బియ్యం సంచులు నువ్వు చూసుకో.”

“నేనేం అడుగుతున్న, నువ్వేం చెప్తున్నవు? సిగ్గు లేదా నీకు?”

“ఉండె,” అన్నది సంగీత. “ఇన్నేండ్లు నీ వంతుది గూడ నేనే పడ్డ. ఇగ నీది నువ్వు పడు.”